చుక్కల మందు చాలని గ్లాకోమా: ఏ ఆపరేషన్, ఎవరికి, ఆ తర్వాతేంటి

తిరుపతి, చిత్తూరు వైపు కంటి ఆపరేషన్ అంటే జనానికి బాగా తెలిసింది శుక్లం ఆపరేషనే. ఊళ్లో క్యాంపు పెడతారు, బస్సులో తీసుకెళ్తారు, మర్నాడు కట్టు విప్పేసరికి ఎదుటి మనిషి మొహం స్పష్టంగా కనిపిస్తుంది. కంటిలోపలి ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే గ్లాకోమాకి ఆపరేషన్ చేయించుకునేవాళ్లు కూడా చాలామంది ఇదే ఆశతో వెళ్తారు. కట్టు విప్పాక చూపు మునుపటికన్నా మసగ్గా ఉండేసరికి బెంబేలెత్తిపోతారు. 'ఉన్న చూపు కాస్తా పాడుచేశారు' అన్న మాట ఊళ్లో పాకుతుంది. ఆ మాట విని ఆపరేషన్ అవసరమైన మరొకరు వెనక్కి తగ్గుతారు. చేయించుకున్న మనిషి చెకప్‌లకి పోవడం మానేస్తాడు. ఈ అపార్థం వల్ల పోతున్న చూపు చిన్నదేమీ కాదు.

కాబట్టి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది. గ్లాకోమా ఆపరేషన్ పోయిన చూపుని తిరిగి తీసుకురాదు. ఉన్న చూపుని నిలబెట్టడానికే చేస్తారు. కంటి నుంచి మెదడుకి వెళ్లే నరంలో సుమారు 10 నుంచి 12 లక్షల పోగులు ఉంటాయి. చచ్చిపోయిన పోగు మళ్లీ మొలవదు. మిగిలినవాటిని కాపాడటానికి ఇప్పటిదాకా రుజువైన మార్గం ఒక్కటే, కంటిలోపలి ప్రెషర్ తగ్గించడం. చుక్కల మందైనా, లేజర్ అయినా, ఆపరేషన్ అయినా చేసేది ఆ పనే.

ఆపరేషన్లలో రకాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది మంచిదన్నది పరికరం కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి తేలదు. అది ఏ రకం గ్లాకోమా, నరం ఎంత మిగిలింది, ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలు ఆ మనిషి చెకప్‌లకి రాగలడా అన్న మూడు ప్రశ్నల మీద తేలుతుంది. మొదటి రెండూ డాక్టర్లు చూస్తారు. మూడోదాన్ని ఇటు డాక్టర్లూ అటు ఇంట్లోవాళ్లూ తేలిగ్గా తీసుకుంటారు. బాగా చేసిన ఆపరేషన్ చాలాసార్లు చెడేది అక్కడే.

ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది

కంటి ముందుభాగంలో నీరులాంటి ద్రవం నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది. అది కంటిపాప గుండా ముందుకి వచ్చి, కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర), ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) కలిసే మూల దగ్గర సన్నని వలలాంటి కణజాలం గుండా రక్తంలోకి వెళ్లిపోతుంది. ఆ మూలనే డాక్టర్లు యాంగిల్ అంటారు. తూము పూడుకుపోయిన చెరువులోకి పైనుంచి వంక పారుతూనే ఉంటే కట్ట మీద ఎంత బరువు పడుతుందో రాయలసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కంట్లో ఆ బరువు పడేది వెనకున్న నరం మీద.

మామూలుగా కంటి ప్రెషర్ పాదరసం లెక్కలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అయితే 21 అన్నది లక్ష్మణరేఖ ఏమీ కాదు. 17, 18 ఉన్నా నరం దెబ్బతినేవాళ్లున్నారు, 24 ఉన్నా ఏమీ కానివాళ్లున్నారు. అందుకే ఒక్కో కంటికి ఒక్కో టార్గెట్ ప్రెషర్ పెట్టుకుంటారు. ఒక్కో అంకె తగ్గించినా జబ్బు ముదిరే ముప్పు దాదాపు పది శాతం తగ్గుతుందని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపించింది. అమెరికాలో జరిగిన ఇంకో అధ్యయనంలో, ముదిరిన గ్లాకోమా ఉన్నా ప్రతి చెకప్‌లోనూ ప్రెషర్ 18 లోపే ఉన్న కళ్లలో, అంటే సగటున 12 దగ్గర నిలిచిన కళ్లలో, చూపు మొత్తం మీద ఏళ్ల తరబడి నిలకడగా ఉంది. ముదిరిన కేసుల్లో డాక్టర్లు 12 కోసం పట్టుబట్టేది ఇందుకే. రెండు మూడు రకాల చుక్కలు వేసినా ఆ 12 రాకపోతే ఆపరేషన్ మాట వస్తుంది.

అన్ని గ్లాకోమాలూ ఒకటి కావు. యాంగిల్ తెరుచుకునే ఉండి వల లోలోపల మూసుకుపోతే ఓపెన్ యాంగిల్. ఐరిస్ ముందుకి ఒరిగి మూలనే మూసేస్తే యాంగిల్ క్లోజర్. ఈ రెండో రకం మన దేశంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తక్కువేమీ కాదు. ఏది ఏ రకమో తేల్చడానికి కంటి మీద అద్దం పెట్టి చూసే గోనియోస్కోపీ అనే పరీక్ష ఉంది. ఐదు నిమిషాల పని. ఖర్చూ పెద్దగా ఉండదు. ఆ పరీక్ష చేయకుండా ఆపరేషన్ గురించి మాట్లాడటం సరికాదు, ఎందుకంటే ఇక్కణ్నుంచి దారులు వేరైపోతాయి.

లేజర్‌తో పోయేది ఎంత

యాంగిల్ మూసుకుంటున్న కంటికి మొదటి చికిత్స లేజర్ ఇరిడాటమీ. ఐరిస్‌లో సూదిమొనంత రంధ్రం చేసి ద్రవానికి పక్కదారి ఇస్తారు. కోత ఉండదు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. చాలామందికి దీంతోనే పెద్ద ప్రమాదం తప్పుతుంది. అయితే వయసుతో పాటు లోపలి లెన్స్ లావెక్కి ఐరిస్‌ని ముందుకి తోస్తున్నప్పుడు ఇరిడాటమీ చాలకపోవచ్చు. 2016లో ఫలితాలు వెలువడిన ఈగల్ అనే అధ్యయనం ఈ విషయంలో వైద్యుల ఆలోచన మార్చింది. 50 ఏళ్లు దాటి, యాంగిల్ మూసుకుపోయి, ప్రెషర్ బాగా ఎక్కువున్న లేదా నరం దెబ్బతిన్న వాళ్లలో లెన్స్ తీసి కొత్తది పెడితే, ఇరిడాటమీ, చుక్కల మందుల కన్నా ప్రెషర్ బాగా అదుపులో ఉంటుందని అందులో తేలింది. శుక్లం లేకపోయినా సరే.

శుక్లం ముదరబెట్టుకోవడం వల్ల వచ్చే గ్లాకోమా కూడా ఒకటుంది. 'ఇంకా పండలేదు, పండాక చేయించుకుందాం' అని ఏళ్లు దాటేస్తే లెన్స్ ఉబ్బిపోయి దారిని మూసేస్తుంది, లేదా లోపలి పదార్థం కారి వలని పూడ్చేస్తుంది. ఒక్కసారిగా విపరీతమైన నొప్పి, వాంతులు, కన్ను ఎర్రబడటం. కడుపులో వికారం అనుకుని మాత్రలు మింగి రెండు రోజులు పోగొట్టుకున్నవాళ్ల కన్ను ఆ రెండు రోజుల్లోనే పోవచ్చు. ఇక్కడ ప్రెషర్‌ని మందులతో దించి శుక్లం తీసేయడమే చికిత్స. శుక్లం పండేదాకా ఆగాలన్న పాత మాటని ఈ ప్రాంతంలో ఇప్పటికీ వింటుంటాం. దాన్ని వదిలేయాలి.

ఓపెన్ యాంగిల్‌కి వాడే లేజర్ వేరు. దాన్ని ఎస్ఎల్‌టీ అంటారు. వల మీద చిన్నచిన్న లేజర్ దెబ్బలు వేస్తే అది ద్రవాన్ని కాస్త బాగా వదులుతుంది. 2019లో బ్రిటన్ నుంచి వచ్చిన లైట్ అధ్యయనంలో, మొదటే లేజర్ చేయించుకున్నవాళ్లలో నూటికి 74 మందికి మూడేళ్లదాకా చుక్కల మందు అవసరమే పడలేదు. నెలనెలా మందు సీసా కొనడం భారమైన ఇంటికి ఇది చిన్న విషయం కాదు. జబ్బు తొలిదశలో ఉన్నప్పుడు డాక్టర్‌ని 'నాకు లేజర్ పనికొస్తుందా' అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నరం బాగా దెబ్బతిన్నవాళ్లకి మాత్రం లేజర్ తెచ్చే తగ్గుదల సరిపోదు.

ట్రాబెక్యులెక్టమీ: పాతదే, ఇప్పటికీ ముందుండేదే

1968లో కెయిర్న్స్ అనే బ్రిటిష్ సర్జన్ వివరించిన ఈ ఆపరేషన్ ఇప్పటికీ మొదటి వరసలోనే ఉంది. ఆసుపత్రుల్లో ట్రాబ్ అంటారు, పేషెంట్లు 'ప్రెషర్ ఆపరేషన్' అంటారు. కంటి చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పై రెప్ప కింద తెల్లగుడ్డులో సగం మందాన ఒక చిన్న మూత కోసి ఎత్తుతారు. దాని అడుగున లోపలికి దారి చేసి, మూతని సన్నని కుట్లతో వదులుగా మూస్తారు. ద్రవం ఆ మూత అంచుల్లోంచి ఊరి, పైనున్న పల్చని పొర కింద చిన్న బుడగలా చేరి, అక్కణ్నుంచి మెల్లగా ఇంకిపోతుంది. ఈ బుడగనే బ్లెబ్ అంటారు. పైరెప్ప కప్పేస్తుంది కాబట్టి బయటికి కనిపించదు.

మిగతా ఆపరేషన్లలో గాయం ఎంత త్వరగా మానితే అంత మంచిది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. శరీరం తన అలవాటు ప్రకారం గాయాన్ని పూర్తిగా మాన్పేస్తే కొత్త దారి మూసుకుపోతుంది, ఆపరేషన్ ఫెయిలవుతుంది. అందుకే ఆపరేషన్ సమయంలోనే మైటోమైసిన్ అనే మందుని కొద్ది నిమిషాలు ఆ చోట ఉంచి కడిగేస్తారు. క్యాన్సర్ వైద్యంలో వాడే ఈ మందు మచ్చ కట్టడాన్ని నెమ్మదింపజేస్తుంది. తర్వాత వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేయమనేది కూడా ఇందుకే. మొదట్లో గంటకో రెండు గంటలకో, తర్వాత మెల్లగా తగ్గిస్తూ రెండు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. 'కన్ను ఎర్రదనం పోయింది కదా' అని మూడో వారంలో ఆపేస్తే లోపల మచ్చ కట్టడం మొదలవుతుంది. బయటికి ఏమీ తెలియదు.

చెకప్‌ల సంగతి ఇక్కడే పట్టుకోవాలి. మర్నాడు, వారానికి, ఆ తర్వాత నెలదాకా ఇంచుమించు వారం వారం, ఆరు వారాలకి, మూడు నెలలకి చూడాలి. ఆ రోజుల్లో డాక్టర్ చేసేది ఉత్త పరీక్ష కాదు. ప్రెషర్ పెరుగుతుంటే ఒక కుట్టుని లేజర్‌తో తెంచి మూతని వదులు చేస్తారు, లేదా లాగేసే విధంగా వేసిన కుట్టుని తీసేస్తారు. ఇది సాధారణంగా రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య చేస్తేనే ఫలితం ఉంటుంది. దాటిపోతే మూత అతుక్కుపోతుంది. బ్లెబ్ గట్టిపడుతుంటే సన్నని సూదితో అతుకులు విడగొడతారు, పక్కన మచ్చ కట్టనివ్వని ఇంజెక్షన్ ఇస్తారు. అంటే ఆపరేషన్‌లో సగం థియేటర్‌లో జరిగితే మిగతా సగం ఓపీలో జరుగుతుంది. ఈ రెండో సగానికి రాలేనివాళ్లకి ట్రాబ్ చేయడం అంటే పనిని మధ్యలో వదిలేయడమే.

కుప్పం నుంచో, పలమనేరు నుంచో, సత్యవేడు నుంచో వచ్చే మనిషికి ప్రతి చెకప్ అంటే ఒక రోజు కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి, బస్సు చార్జీలు. ఆవులున్న ఇంట్లో పాలు పితికి డెయిరీకి ఎవరు పోయాలన్నది ఇంకో చిక్కు. ఇవి సాకులు కావు, నిజమైన అడ్డంకులు. అందుకే ఎక్కడ చేయించుకోవాలన్నది ఎవరు చేస్తారన్నదాంతో సమానంగా ఆలోచించాలి. తిరుపతిలో స్విమ్స్, రుయా, అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వాళ్లకి వేలూరు సీఎంసీ పక్కనే. కుప్పం వాళ్లు బెంగళూరు వైపు చూస్తారు. పేరు విని చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని, చెకప్‌లు 'ఊళ్లో చూపించుకుంటాంలే' అనుకోవడం శుక్లానికి చెల్లుతుందేమో గానీ ట్రాబ్‌కి చెల్లదు. ఏ కుట్టు ఎప్పుడు వదులు చేయాలో వేసిన డాక్టర్‌కి తెలిసినంత మరొకరికి తెలియదు. తప్పనిసరై దూరంలో చేయించుకుంటే, మొదటి నెల ఆ ఊళ్లోనో దగ్గర్లోనో చుట్టాలింట్లో ఉండే ఏర్పాటు ముందే చూసుకోవడం మేలు.

ఇబ్బందులు కూడా దాచకుండా చెప్పుకోవాలి. ద్రవం మరీ ఎక్కువగా పోతే ప్రెషర్ ఐదారుకి పడిపోవచ్చు. కంటిలోపలి పొరలు ఉబ్బుతాయి, చూపు మసకబారుతుంది. చాలాసార్లు మందులతో, విశ్రాంతితో సర్దుకుంటుంది. కొన్నిసార్లు మళ్లీ కుట్టు వేయాల్సి వస్తుంది. ఈ దశలో గట్టిగా ముక్కడం, బరువులెత్తడం, వంగి నాట్లు వేయడం, పాలక్యాన్లు మోయడం లోపల రక్తస్రావానికి దారి తీయొచ్చు. అలిపిరి మెట్లు 3,550. ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చుకోవడానికి వెంటనే నడిచి కొండెక్కకూడదు. తలనీలాలు ఇవ్వడం, పుష్కరిణిలో మునగడం కూడా డాక్టర్ సరే అనేదాకా ఆగాలి. దేవుడు ఎక్కడికీ పోడు. ఇంకోటి, ట్రాబ్ అయిన కంట్లో శుక్లం కాస్త త్వరగా వస్తుంది. రెండూ ఉన్నవాళ్లకి ఒకేసారి శుక్లం, ట్రాబ్ కలిపి చేయడం కూడా ఉంది. ప్రెషర్ తగ్గుదల విడిగా చేసిన ట్రాబ్ అంత ఉండకపోవచ్చు గానీ, రెండుసార్లు ఆసుపత్రి చుట్టూ తిరగలేని ఇళ్లకి అది సరైన నిర్ణయమే కావచ్చు.

బ్లెబ్ ఉన్నన్నాళ్లూ, అంటే బతికున్నన్నాళ్లూ, ఇన్‌ఫెక్షన్ ముప్పు కొద్దిగా ఉంటుంది. లోపలికి దారి ఉంది, పైన పల్చని పొర ఒక్కటే కాపలా. పదేళ్ల తర్వాత కూడా రావచ్చు. కన్ను ఎర్రబడటం, పుసి, నొప్పి, చూపు తగ్గడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. 'కళ్లకలక, రెండు రోజుల్లో పోతుంది' అనుకుంటే కన్నే పోవచ్చు. మొహానికి కుంకుమ, బొగ్గుపొడి, గంధం పూసుకుని వేషాలు కట్టే తిరుపతి గంగమ్మ జాతరలో బ్లెబ్ ఉన్నవాళ్లు కళ్ల చుట్టూ ఏమీ పూసుకోకుండా ఉండాలి. చెరువులో, బావిలో ఈత కూడా అంతే.

కట్టు విప్పినరోజు జరిగే ఒక పొరపాటు ఉంది. ఆపరేషన్ అయిన కంటికి పాత గ్లాకోమా చుక్కలు ఆపమంటారు. ఇంటికి వెళ్లాక రెండు కళ్లకీ ఆపేస్తారు. ఆపరేషన్ కాని కన్ను ఆ నెల రోజుల్లో దెబ్బతింటుంది. చీటీ మీద కుడి, ఎడమ అని తెలుగులో రాయించుకుని, సీసాల మీద కూడా గుర్తు పెట్టుకోవాలి.

ట్యూబు ఎవరికి

ట్రాబ్ ఫెయిలైన కళ్లకి, షుగర్ వల్ల ఐరిస్ మీద కొత్త రక్తనాళాలు పుట్టి వచ్చే గ్లాకోమాకి, లోపల వాపు తరచూ వచ్చే కళ్లకి, కార్నియా మార్పిడి జరిగిన కళ్లకి డాక్టర్లు ఎక్కువగా ఎంచుకునేది డ్రైనేజ్ పరికరం. సన్నని సిలికోన్ ట్యూబు ఒక కొస కంటి లోపల ఉంటుంది, రెండో కొస వెనకగా తెల్లగుడ్డు మీద కుట్టిన ప్లేటుకి కలుస్తుంది. ద్రవం ఆ ప్లేటు చుట్టూ చేరి ఇంకుతుంది. 1969లో దక్షిణాఫ్రికాలో సర్జన్ మోల్టెనో మొదలుపెట్టిన ఆలోచన ఇది. 1990ల్లో వచ్చిన అహ్మద్ వాల్వ్‌లో ప్రెషర్ మరీ పడిపోకుండా అడ్డుకునే వాల్వ్ ఉంటుంది. బేర్‌వెల్ట్ అనే రకంలో వాల్వ్ ఉండదు, ప్లేటు పెద్దది, దీర్ఘకాలంలో ప్రెషర్ కాస్త ఇంకా తగ్గుతుంది.

మన దగ్గర ఈ కథ మారింది 2013లో. మదురై అరవింద్ వాళ్ల ఆరోల్యాబ్ అదే పద్ధతిలో 350 చదరపు మిల్లీమీటర్ల ప్లేటుతో ఆదీ అనే పరికరం తయారుచేసింది. విదేశీ పరికరం ధరలో చిన్న వంతుకే దొరికేసరికి, ట్యూబు పెట్టించుకోగలిగినవాళ్ల సంఖ్య పెరిగింది. దక్షిణాదిలో గ్లాకోమా వైద్యానికి జరిగిన గొప్ప మేళ్లలో ఇదొకటని చెప్పడానికి సందేహించక్కర్లేదు.

ఆదీలో వాల్వ్ లేదు కాబట్టి మొదట ట్యూబుని కరిగే దారంతో బిగించి కడతారు. ప్లేటు చుట్టూ పొర ఏర్పడేదాకా ద్రవం పోకూడదు. ఐదారు వారాలకి దారం కరిగి ట్యూబు తెరుచుకుంటుంది. అదే సమయంలో ప్రెషర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, చూపు మసకేయవచ్చు. కాబట్టి ట్యూబు పెట్టించుకున్నవాళ్లు మొదటి నెల 'ప్రెషర్ తగ్గలేదే' అని కంగారుపడక్కర్లేదు గానీ, ఆరో వారం చెకప్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదులుకోకూడదు. ఆ నెలంతా పాత చుక్కలు వేస్తూనే ఉండాలి. అహ్మద్ వాల్వ్‌లో దీనికి భిన్నంగా, మొదట ప్రెషర్ తగ్గి, ఒకటి నుంచి మూడు నెలల మధ్య మళ్లీ కొంత పెరుగుతుంది. అది ఫెయిలవడం కాదు, చుక్కలతో ఆ దశ దాటిస్తారు.

ట్రాబా, ట్యూబా అన్న ప్రశ్నకి అమెరికాలో పెద్ద పోలికే జరిగింది. అంతకు ముందు శుక్లం ఆపరేషనో గ్లాకోమా ఆపరేషనో అయిన కళ్లలో ఐదేళ్ల నాటికి ట్యూబు ఫెయిలైంది నూటికి దాదాపు 30, ట్రాబ్ ఫెయిలైంది 47. కన్నుకి అదే మొదటి ఆపరేషన్ అయినప్పుడు మాత్రం ఏడాది నాటికి ట్రాబ్‌దే పైచేయి: ఫెయిలైనవి నూటికి ట్యూబు 17, ట్రాబ్ 8. కాబట్టి 'ట్యూబు కొత్తది, అదే వేయండి' అనడమూ, 'ప్లాస్టిక్ ముక్క కంట్లో ఎందుకు' అని భయపడటమూ రెండూ తప్పే. ట్యూబు తన ఇబ్బందులు తను తెస్తుంది. పైపొర అరిగి ట్యూబు బయటపడొచ్చు, కార్నియాకి తగిలి పాడుచేయొచ్చు, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపించొచ్చు.

షుగర్ గ్లాకోమాలో ట్యూబు ఒక్కటే చాలదు. రెటీనాకి (కంటి వెనకపొరకి) లేజర్, కంట్లోకి ఇంజెక్షన్ ముందుగా కావాలి, షుగర్ అదుపులోకి రావాలి. ఈ వరస తప్పితే కొత్త నాళాల్లోంచి రక్తం కారి ట్యూబే మూసుకుపోతుంది.

పసిపిల్లల సంగతి వేరు

పుట్టుకతోనో మొదటి ఏడాదిలోనో వచ్చే గ్లాకోమాకి ఆపరేషనే మొదటి చికిత్స, చుక్కలు తోడు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకి ఒక బిడ్డకి ఈ జబ్బు వస్తుందని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు లెక్కగట్టారు. పాశ్చాత్య దేశాల్లో ఇంతకన్నా బాగా అరుదు. మేనమామకిచ్చి చేయడం, మేనరికాలు దీనికి ఒక కారణం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపమున్న జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. చిత్తూరు పల్లెల్లో ఈ పెళ్లిళ్లు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మొదటి బిడ్డకి వచ్చిన ఇంట్లో రెండో బిడ్డని పుట్టిన వారంలోనే చూపించాలి, అందుకు.

'బిడ్డ కళ్లు ఎంత పెద్దవో, కలువ కళ్లు' అని మురిసిపోతుంటారు. ఆ పెద్ద కళ్లలోంచి ఎప్పుడూ నీరు కారుతుంటే, వెలుతురు చూడలేక బిడ్డ మొహం తిప్పేసుకుంటుంటే, నల్లగుడ్డు నీలంగానో పాలలాగో మసకగా ఉంటే అది గ్లాకోమా కావచ్చు. రోజులు కూడా ఆలస్యం చేయకూడదు. ఇలాంటి బిడ్డలకి వలని లోపలి నుంచి తెరిచే ఆపరేషన్, బయటికి కొత్త దారి చేసే ట్రాబ్ రెండూ కలిపి ఒకేసారి చేసే పద్ధతి మన దేశంలో బాగా స్థిరపడింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్‌కి చెందిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ముఖ్యులు. పూర్తి మత్తిచ్చి చేయాలి, తర్వాత ప్రెషర్ చూడటానికి కూడా పలుమార్లు మత్తివ్వాలి. 'మళ్లీ మళ్లీ మత్తా' అన్న టెన్షన్ తల్లిదండ్రులకి సహజం. దానికి సమాధానం పిల్లల మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవడం, చెకప్ మానేయడం కాదు. పెద్దలకి వాడే బ్రిమోనిడిన్ అనే చుక్కల మందు పసిపిల్లలకి వేయకూడదు. నిద్రమత్తు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంటాయి. ఇంట్లో తాతకి రాసిన సీసాని బిడ్డకి వేయడం లాంటివి అసలు చేయకూడదు.

పెద్ద పిల్లల్లో కనిపించే ఇంకో రకం పూర్తిగా మనుషులు తెచ్చిపెట్టుకునేది. ఎండాకాలంలో కళ్ల దురదతో రుద్దుకునే పిల్లలకి ఎవరో ఒకసారి రాసిన స్టెరాయిడ్ చుక్కలు వెంటనే హాయినిస్తాయి. ఆ సీసా పేరు చెప్పి మందుల షాపులో నెలల తరబడి కొంటూనే ఉంటారు. కళ్లు తెల్లగా, హాయిగా ఉంటాయి, లోపల ప్రెషర్ పెరిగి నరం చచ్చిపోతుంటుంది. పదో తరగతి పిల్లవాడికి రెండు కళ్లూ ట్రాబ్ చేయాల్సి రావడం ఎంత బాధాకరమో చెప్పనక్కర్లేదు. చీటీ లేకుండా ఈ చుక్కలు అమ్మే షాపులదీ ఇందులో పెద్ద బాధ్యతే.

చిన్న కోత ఆపరేషన్లు, చివరి దారి

మిగ్స్ అనే పేరుతో వచ్చిన చిన్న కోత ఆపరేషన్ల గురించి ప్రచారం ఎక్కువ. వల దగ్గర అతి చిన్న లోహపు గొట్టం పెట్టే ఐస్టెంట్‌కి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. వలనే దారంతో చుట్టూ తెరిచే గాట్, వంచిన సూదితో కొంత మేర తెరిచే పద్ధతి కూడా ఉన్నాయి. ఈ చివరి రెండింటికీ ఖరీదైన పరికరం అక్కర్లేదు, అందుకే మన దేశంలో ఆదరణ పొందుతున్నాయి. శుక్లంతో పాటు తేలికపాటి, మధ్యస్థం గ్లాకోమా ఉన్నవాళ్లకి శుక్లం ఆపరేషన్‌తోనే కలిపి చేస్తే చుక్కలు తగ్గుతాయి, కోలుకోవడం త్వరగా ఉంటుంది, చెకప్‌ల భారం తక్కువ. కానీ ప్రెషర్ సాధారణంగా 15, 16 దగ్గర ఆగుతుంది. 12 కావాల్సిన కంటికి ఇది చాలదు. కొత్త పరికరాల విషయంలో తొందర కూడా కూడదు. 2016లో అనుమతి పొందిన సైపాస్ అనే గొట్టాన్ని, ఐదేళ్ల లెక్కల్లో కార్నియా కణాలు తగ్గిపోతున్నట్టు తేలడంతో 2018లో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

చూపు దాదాపు పోయి, నొప్పి మాత్రం మిగిలిన కళ్లకి, ట్యూబు కూడా పనిచేయని కళ్లకి ద్రవం ఊరే భాగాన్నే డయోడ్ లేజర్‌తో కొంత కాల్చేస్తారు. దారి తెరవడం బదులు ఊట తగ్గించడం. మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు, మితిమీరితే కన్ను కుంచించుకుపోయే అవకాశం ఉంది. మైక్రోపల్స్ అనే నెమ్మది రకం వచ్చాక చూపు ఉన్న కళ్లకి కూడా కొన్నిచోట్ల వాడుతున్నారు.

ఎప్పుడు ఒప్పుకోవాలి

మందులు అన్నీ అయిపోయాకే ఆపరేషన్ అన్నది పాత పద్ధతి. మొదటిసారి ఆసుపత్రికి వచ్చేసరికే నరం ముక్కాలు పోయినవాళ్ల సంగతి వేరు. 2021లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో ఇలాంటి 453 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి మొదటే ట్రాబ్, రెండోదానికి చుక్కలు ఇచ్చారు. రెండేళ్లకి ట్రాబ్ జట్టులో సగటు ప్రెషర్ 12 దగ్గర, చుక్కల జట్టులో 15 దగ్గర నిలిచింది. రోజువారీ జీవితం విషయంలో రెండు జట్లకీ పెద్ద తేడా లేదు, ఆపరేషన్ ప్రమాదాలు ఎక్కువనీ తేలలేదు.

ఇది మనకి బ్రిటన్‌కన్నా ఎక్కువ వర్తిస్తుంది. 1990ల చివర్లో హైదరాబాద్‌లో జరిగిన సర్వేలో ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నట్టు తేలినవాళ్లలో తొంభై శాతానికి పైగా మందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. అంటే మన దగ్గర ఆలస్యంగా రావడమే మామూలు. పైగా మూడు రకాల చుక్కలు జీవితాంతం కొనడం, చేతులు వణికే వయసులో రోజుకి నాలుగైదుసార్లు గురిగా వేసుకోవడం ఎంతమందికి సాధ్యం? ముదిరిన జబ్బుతో వచ్చిన 55 ఏళ్ల రైతుకి, మూడు నెలలు చెకప్‌లకి రాగలిగితే, ముందే ఆపరేషన్ చేయడం సరైన దారి. రాలేనని ముందే తెలిస్తే డాక్టర్‌కి నిజం చెప్పాలి. అప్పుడు ఆయన వేరే లెక్క వేస్తారు.

చివరి కొద్ది చూపు మాత్రమే మిగిలిన కంటికి ఆపరేషన్ తర్వాత ఆ కొద్దీ ఒక్కసారిగా పోయే ప్రమాదం అరుదుగా ఉంది. ఇంకో కన్ను లేనివాళ్లకి ఈ నిర్ణయం చాలా కష్టం. ఆ సంభాషణ ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకుని, తొందర లేకుండా జరగాలి. ఓపీ రద్దీలో రెండు నిమిషాల్లో తేల్చేది కాదు.

ఖర్చు విషయానికి వస్తే, ఆసుపత్రిలో ఉన్న ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, డాక్టర్ రాసిన ఆపరేషన్ పేరు చూపించి ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందో లేదో, ట్యూబు పరికరం ధర అందులో కలిసిందో లేదో ముందే అడగాలి. రక్తం పల్చబడే మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే చెప్పాలి. తమంతట తాము ఆపేయకూడదు, గుండె డాక్టర్, కంటి డాక్టర్ మాట్లాడుకుని చెప్పాలి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఏ ఆపరేషన్, ఏ కన్ను, ట్యూబు అయితే ఏ రకం అని రాసిన కాగితం, చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ పాత ప్రింట్లు ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. ఆ తర్వాత ప్రెషర్ బాగున్నా ఏడాదికి రెండుసార్లయినా చూపించుకోవాలి, ఎందుకంటే ట్రాబ్ అయినా ట్యూబు అయినా ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో మెల్లగా మూసుకుపోతాయి. ఆ చెకప్‌కి వెళ్లేటప్పుడు నలభై దాటిన అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ వెంటబెట్టుకుపోవాలి. ఈ జబ్బు తోబుట్టువుల్లో వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. వాళ్లకి తొలిదశలో దొరికితే చుక్కలతోనో ఒక లేజర్‌తోనో సరిపోవచ్చు.